బంతి విసిరి జీతం తీసుకున్న రోజులు

ఖతర్‌కు నేను రెండుసార్లు వచ్చాను. మొదటిసారి రాళ్ళు అందించడానికి, రెండోసారి వంట చేయడానికి. ఆ మొదటిసారిలోనే, చివర కొన్నాళ్ళు, బంతి విసిరి జీతం తీసుకున్నాను. చెబితే మా రూములో ఎవరూ నమ్మరు. మొన్న ఒకడు ఫోనులో అమెరికా వాళ్ళ బేస్‌బాల్ చూస్తూ, "ఇదేం ఆటనే కాకా, వికెట్లు లేవు, ఒకడు మట్టి దిబ్బెక్కి ఇసురుతున్నడు, ఇంకోడు ముసుగేసుకొని గొంతుక్కూసున్నడు" అన్నాడు.

"ఆ దిబ్బ మీద నేను నిలవడ్డరా" అన్నాను.

"నువ్వు నిలవడితే మక్కచేన్ల పిట్టలు రావు కాకా" అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వాళ్ళు డ్యూటీకి పోయాక కూర్చుని ఇది రాస్తున్నాను.

వంటపని ఈ మధ్యే వేరొకరికి అప్పజెప్పాను. అకామా, అంటే ఇక్కడ ఉండటానికి ఇచ్చే కార్డు, గడువు తీరేదాకా దోహాలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలోని ఈ విల్లాలో నా మంచం నాదే. పగలంతా ఏసీ చప్పుడూ, నేనూ. అక్షరాలు నాకు ఆలస్యంగా వచ్చాయి. ఇక్కడే, ఉల్లిగడ్డలు తరిగే బల్ల మీద, ఒక రూంమేట్ పిల్లల వాచకం తెప్పించి నేర్పాడు. నోరు తెరిస్తే మా జగిత్యాల మాట వస్తుంది, కాగితం మీద మాత్రం పుస్తకాల మాట వస్తుంది. అక్షరాలు పుస్తకంలో దొరికాయి, వాటితో పాటు ఆ భాషా అంటుకుంది. దానికి నేనేం చేయలేను.

తమ్ముళ్ళూ, ముందు నా అసలు పని చెప్పాలి. చదువు లేదు, పొలం లేదు. ఊళ్ళో మేస్త్రీల దగ్గర ఇటుకలు అందించేవాణ్ణి. అందించడమంటే చేతికివ్వడం కాదు. కింద నిలబడి, పరంజా మీద ఉన్న మనిషికి ఇటుక విసరడం. పైకి పోయిన ఇటుక కిందికి తిరగబోయే ముందు ఒక్క క్షణం గాలిలో ఆగుతుంది. ఆ ఆగిన చోట పైవాడి చెయ్యి ఉండాలి. అలా విసిరితే వాడికి గూట్లోంచి తీసుకున్నట్టే ఉంటుంది. జోరుగా విసిరితే వాడి వేళ్ళు పోతాయి, తగ్గించి విసిరితే ఇటుక తిరిగి నీ నెత్తి మీదికి వస్తుంది. కొత్తగా చేరినవాడు ఇటుకను చూస్తూ విసురుతాడు. పాతవాడు అందుకునేవాడి చేతిని చూస్తాడు. ఈ పనికి ఇంతకు మించిన శాస్త్రం లేదు.

ఖతర్‌లో ఇటుకలు లేవు, ఇంటర్‌లాక్ రాళ్ళున్నాయి. ఫుట్‌పాత్‌ల మీద, విల్లాల ముందు పరిచే సిమెంటు రాళ్ళు. లారీ దగ్గర నుంచి పరిచేవాడి దాకా వాటిని చేతులతోనే విసిరి అందించాలి. మా జట్టులో పరిచేవాడు నిర్మల్ వైపు మనిషి. వరసకు బావ కాదు గానీ బావా అనుకునేవాళ్ళం. క్యాంప్‌లో వాడి మంచం మీద నా మంచం. రోజంతా నేను విసిరేవాణ్ణి, వాడు తల ఎత్తకుండా చెయ్యి చాచేవాడు. మాటలతో పని లేదు. సంసారంలో కూడా అంత పొత్తు కుదరదు.

అల్ హిలాల్‌లో మా కంపెనీ పెద్దవాళ్ళుండే విల్లాల కాంపౌండ్ ఉండేది. గోడ బయట మేం రాళ్ళు పరుస్తున్నాం. గోడ లోపల పచ్చికలో వాళ్ళ ఆట. ఒక సాయంత్రం ఎర్ర కుట్లు ఉన్న తెల్లబంతి ఒకటి గోడ దాటి మా ఇసుక కుప్ప మీద పడింది. లోపలి నుంచి అరుపులు. గేటు దగ్గర ఒకడు తోలు తొడుగు పైకెత్తి నిలబడ్డాడు. చాలా దూరం. రాయి విసిరే చేత్తోనే విసిరాను. బరువైన రాయికి అలవాటైన చెయ్యి గదా, ఈకలాగా అనిపించిన ఆ బంతి అతని నెత్తి మీదుగా పోయి రెండో విల్లా కిటికీకి తగిలింది.

"అయిపోయిండు మా బావ. రేపు విమానమెక్కుడే" అన్నాడు నిర్మలాయన, తల ఎత్తకుండానే.

తిట్టడానికి వచ్చినవాడు మా ప్రాజెక్టు పెద్దసారు. అమెరికా మనిషి, ఎర్ర మెడ, ఒంటెంత ఎత్తు. ఆయన వెనకే మా సైట్ ఇంజనీరు. ఈయన తెలుగువాడే, గుంటూరు వైపు. అల్ సద్‌లో ఫ్లాటు, భార్య, చిన్నపాప. మాకూ పెద్దసారుకూ మధ్య మాట చేరవేసేది ఈయనే. నాకంటే చాలా చిన్నవాడు, నన్ను బాబాయ్ అనేవాడు. ఆ పిలుపులో తక్కువ చూపు ఉండేది కాదు. అది మొదటే రాసి పెడుతున్నాను, తర్వాత రాయబోయేది చదివి ఆయన్ని దుర్మార్గుడనుకుంటారని.

"బాబాయ్, సారు మళ్ళీ వెయ్యమంటున్నారు" అన్నాడు ఇంజనీరు.

"మాఫీ చెయ్యుమనుండ్రి సారు. అద్దం పలిగిందా?"

"అద్దం సంగతి వదిలెయ్. అదిగో, ఆ గ్లోవ్ పట్టుకున్న అతనికి వెయ్యి. అతని చేతిలోకి."

చేతిలోకి అంటే నాకు తెలిసిన పనే. ఈసారి చేతిని చూసి వేశాను. గేటు దగ్గరి మనిషి తొడుగు కదపలేదు, బంతే వెళ్ళి అందులో కూర్చుంది. పెద్దసారు ఇంకొకటి ఇచ్చాడు. ఇంకొకటి. చీకటి పడేదాకా వేయించాడు. ఆ రోజు మా బావకు రాళ్ళు అందించేవాడు లేక సగం ఫుట్‌పాత్ అలాగే ఉండిపోయింది.

దోహాలో కంపెనీల జట్ల మధ్య ఈ ఆట పోటీలుంటాయని అప్పుడే తెలిసింది. మా జట్టులో విసిరేవాడు, అంటే పిచ్చర్, తన దేశం వెళ్ళిపోయాడట. వారం తిరక్కుండా నన్ను రాళ్ళ పని నుంచి తీసి స్టోర్‌లో కూర్చోబెట్టారు. చెయ్యి అలవకూడదని. పని బంతి విసరడం, జీతం కంపెనీది. మా క్యాంప్‌లో ఆటకు జీతం తీసుకున్న మొదటి మనిషిని నేనే. బహుశా చివరి మనిషిని కూడా.

ఇంటికి ఫోన్ చేసి మా ఇంటామెకు చెప్పాను. మా ఊళ్ళో గల్ఫ్ దేశాలన్నీ దుబాయే.

"దుబాయ్‌ల పని మారిందంటున్నవు, ఏం పని?"

"బంతి ఇసురుడు."

"ఎవలకు?"

"సార్లకు."

"ఎండల పని జేసి తలకాయకు ఏమన్న అయిందా? దావఖానకు పో" అంది. మళ్ళీ నేనా మాట ఎత్తలేదు. స్టోర్ పని అన్నాను. అది అబద్ధమూ కాదు.

కుర్రవాళ్ళు ఇలాంటివి వింటే అదృష్టం అనుకుంటారు. ఎండ తప్పింది, బరువు తప్పింది. నిజమే. కానీ స్టోర్‌లో పైపుల మధ్య రోజంతా ఒక్కణ్ణే కూర్చునేవాణ్ణి. క్యాంప్‌లో శుక్రవారం ఒక్కటే మనిషికి మనిషి దొరికే రోజు. కోడికూర, క్షవరాలు, మంచాల మీద పేకాట. ఆ రోజు నన్ను కారు వచ్చి తీసుకుపోయేది. సాయంత్రం తిరిగొచ్చేసరికి కూర గిన్నె అడుగంటి ఉండేది. రాళ్ళ జట్టులో నా బదులు వేరేవాడు చేరాడు.

"ఏం బంతి సారూ, ఇయ్యాల చెయ్యి బాగ నొచ్చిందా? అత్తరు రాయమంటవా?" అనేవాడు బావ, పై మంచంలోకి తొంగిచూసి.

"నీకేడ దొరికిందే అత్తరు?"

"మాకు సిమెంటే దొరుకుతది. అత్తరు మీ తానుంటది."

నవ్వుతూనే అనేవాడు. కొన్నాళ్ళకు నవ్వడం మానేశాడు. ఇంకొన్నాళ్ళకు అనడమే మానేశాడు. తిట్టేవాడు తిట్టడం మానేస్తే అప్పుడు తెలుస్తుంది మనిషి ఎంత దూరం పోయాడో.

అటు మైదానంలో నా పక్కన కూర్చునేవాడు లేడు. అందరూ ఇంజనీర్లు, మేనేజర్లు. మంచివాళ్ళే. నీళ్ళ సీసా ఇచ్చేవారు, భుజం తట్టేవారు. తర్వాత వాళ్ళ మాటల్లో వాళ్ళు పడిపోయేవారు. ఆట మొదలైతే నయం. మధ్యలో ఎత్తుగా మట్టి దిబ్బ, దాని మీద నేను. అందరూ నన్నే చూస్తుంటారు, ఎవరూ నాతో మాట్లాడరు. దిబ్బ మీద ఒంటరిగా ఉండటం ఆటలో భాగం కాబట్టి అది ఒంటరితనంలా తోచేది కాదు. దిగాకే తోచేది.

ఆ ఆటలో నాకు మనిషి అంటూ ఒక్కడే, నా బంతి అందుకునేవాడు. గేటు దగ్గర తొడుగు ఎత్తి నిలబడ్డవాడే. ఫిలిప్పీన్స్ ఎలక్ట్రీషియన్. బ్యాటు పట్టినవాడి వెనక ముసుగు వేసుకుని గొంతుక్కూర్చుంటాడు. ఎడమ చేతికే తొడుగు ఉంటుంది. కుడి చెయ్యి ఖాళీ, దాన్ని వెనక్కి దాచుకోవాలి, లేకపోతే బంతి తగిలి వేళ్ళు విరుగుతాయి. నేను వేయబోయే ముందు మాత్రం ఆ కుడి చేతిని మోకాళ్ళ మధ్య పెట్టి వేళ్ళతో చెబుతాడు. ఒక వేలు అంటే జోరు బంతి. రెండంటే వంకర తిరిగే బంతి. అతని మాట నాకు రాదు, నా మాట అతనికి రాదు. మొదట్లో అతను వేలు చూపిస్తే నేను సరేనని తల పక్కలకు ఊపేవాణ్ణి, మన అలవాటు ప్రకారం. వద్దంటున్నాననుకుని వేళ్ళు మార్చేసేవాడు. కొన్నాళ్ళకు అర్థం చేసుకుని తనే నాలాగా తల ఊపడం మొదలుపెట్టాడు. యల్లా అంటే పద, మాఫీ ముష్కిలా అంటే ఇబ్బందేం లేదు, ఈ రెండు అరబ్బీ మాటలే మా సంభాషణ. నిర్మల్ బావకు రాయి అందించినట్టే ఉండేది.

ఇద్దరం కలిసి చాలా జట్లను ఓడించాం. ఎన్నని అడక్కండి, ఆ లెక్కలు ఆ ఆట వాళ్ళకే పిచ్చి.

ఇంతలో ప్రాజెక్టు ముగింపుకొచ్చింది. హెల్పర్లను బ్యాచ్‌లుగా ఇంటికి పంపుతున్నారు. నాకు ఊళ్ళో గోడలు లేచిన ఇల్లుంది, దాని మీద స్లాబు లేదు. పిల్లలతో మా ఇంటామె వాళ్ళ అన్న ఇంట్లో ఉంటోంది. వదిన మాటలు పడుతోంది. ఇంకొక్క వీసా నిలబడితే కప్పు పడుతుంది. ఇతరుల ఇళ్ళకు ఇటుకలు విసిరి విసిరి ముసలివాణ్ణవుతున్నాను, నా నెత్తి మీద నీడ లేదు. పెద్దసారు ఒకరోజు ఇంజనీరుతో చెప్పించాడు.

"బాబాయ్, ఈ ఫైనల్ గెలిస్తే నిన్ను ఇక్కడే ఉంచేలా మాట్లాడతానంటున్నారు. ఈ కాంపౌండ్ మెయింటెనెన్స్ వేరే కంపెనీ తీసుకుంటోంది కదా. వాళ్ళకీ జట్టుంది. పిచ్చర్‌గా, గ్రౌండ్ చూసుకునే మనిషిగా నిన్ను తీసుకుంటారు."

"ఓడితే సారు?"

ఇంజనీరు అది పెద్దసారును అడగలేదు. "ఓడకు" అన్నాడు.

ఫైనల్‌కు కొద్ది రోజుల ముందు ఫిలిప్పీన్స్ మనిషి వేరే కంపెనీకి మారిపోయాడు. వాళ్ళు ఉన్నపళంగా రమ్మన్నారట. మాఫీ ముష్కిలా అన్నాడు, కానీ ముఖంలో ముష్కిలా ఉంది. తొడుగు నా చేతికి తొడిగి, వేళ్ళు నొక్కి, తీసుకుని వెళ్ళిపోయాడు. ఇక నా బంతి అందుకునేదెవరు?

"నేను కాలేజీలో వికెట్ కీపర్ని" అన్నాడు ఇంజనీరు.

పెద్దసారుకు వికెట్ కీపర్ అంటే ఏమిటో తెలియదు. నాకు తెలుసు, అందుకే నేనూ సంతోషించాను. అక్కడే మా ఇద్దరి తెలివి తప్పింది. క్రికెట్‌లో కీపర్‌కు రెండు చేతులకూ గ్లోవులుంటాయి. బంతి వస్తే రెండు చేతులూ కలిపి అందుకుంటాడు. ఏళ్ళ తరబడి అలవాటైన చేతులు ఒక్క వారంలో విడిపోతాయా? ప్రాక్టీసులో బంతి రాగానే ఆయన ఖాళీ కుడి చెయ్యి తొడుగు పక్కకు పరుగెత్తుకొచ్చేది. పెద్దసారు "హ్యాండ్ బ్యాక్! హ్యాండ్ బ్యాక్!" అని గొంతు పగిలేలా అరిచేవాడు. నామీద అరిచేది వేరు: "ఎల్బో అప్!" అలా కొన్ని మాటలు నాకూ వచ్చాయి.

కారులో నన్ను క్యాంప్ దగ్గర దింపుతూ ఇంజనీరు ఒకసారి అన్నాడు, "నాలుగేళ్ళ నుంచీ వీళ్ళతో కలిసి లంచ్ చేస్తున్నాను బాబాయ్. ఎవడూ ఒక్కసారి ఇంటికి పిలవలేదు. ఈ వారంలో ముగ్గురు పేరు పెట్టి పలకరించారు. మా ఆవిడకి చెబితే పాపని తీసుకుని ఫైనల్‌కి వస్తానంది."

ఏసీ కారు, ఫ్లాటు, కుటుంబం పక్కనే ఉన్న మనిషి. ఆయనకూ ఒక దిబ్బ ఉందని నాకు అప్పుడు తెలిసింది. "కుడి చెయ్యి ఎనుకకు పెట్టుండ్రి సారు" అన్నాను. ఆయన పెద్దగా నవ్వాడు.

ఫైనల్ ఒక శుక్రవారం మధ్యాహ్నం, చలికాలం. నగరం బయట ఇసుక చదును చేసి ప్లాస్టిక్ గడ్డి పరిచిన మైదానం. అవతల జపాన్ వాళ్ళ కంపెనీ జట్టు. వాళ్ళు ఆటకు ముందు మైదానానికి వంగి దండం పెట్టారు. మనవాళ్ళ లాగే ఉన్నారే అనుకున్నాను. ఇవతల గుడారం కింద కుర్చీల్లో మావాళ్ళ కుటుంబాలు. ఇంజనీరు భార్య చుడీదార్‌లో, పాప ఆయన ఆఫీసు టోపీ పెట్టుకుని. గుడారం ముందు కట్టిన తాడు పట్టుకుని "నాన్నా, నాన్నా" అని ఒకటే అరుపు. మా క్యాంప్ నుంచి ఎవరూ రాలేదు. నేను పిలవలేదు కూడా.

ఆట నడిచినంతసేపూ మేమే ముందున్నాం. ఇంజనీరు బంతులు బాగానే అందుకున్నాడు. ముగింపు దగ్గరపడగా, నేను వేసిన జోరు బంతి బ్యాటు అంచుకు గీసుకుని దారి మార్చుకుంది. తొడుగులో పడితే గట్టిగా, గుండ్రంగా ఒక చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు రాలేదు. ఎండుపుల్ల విరిచినట్టు వినిపించింది. ఆయన కుడి చేతిని చంకలో పెట్టుకుని ముందుకు వంగాడు. వెంటనే లేచి, ఏమీ లేదన్నట్టు చెయ్యి విదిలించి, బంతి నాకు విసిరాడు. ఎడమ చేత్తో విసిరాడు. పెద్దసారు గమనించలేదు.

ఇంకొక్కడు ఔటైతే కప్పు మాది. వాళ్ళవాళ్ళిద్దరు పరుగుకు సిద్ధంగా మూలల్లో నిలబడి ఉన్నారు. కొట్టేవాడు మూడు బంతులు తప్పితే ఔట్. ఇంజనీరు మోకాళ్ళ మధ్య చెయ్యి పెట్టి వేలు చూపించాడు. ఒక వేలు, జోరు బంతి. ఆ ఒక్క వేలే వాచి, నల్లబడి, పక్కకు తిరిగి ఉంది.

నేను చెయ్యెత్తి ఆట ఆపించాను. ఆయనే లేచి దిబ్బ దగ్గరికి వచ్చాడు, ముసుగు తీయకుండా.

"ఏంటి బాబాయ్?"

"ఏలు సూపెట్టుండ్రి సారు."

"ఏం లేదు. వెయ్యి."

"ఇరిగింది సారు. పెద్దసారుకు చెప్పుండ్రి, ఇంకోణ్ణి..."

"ఇంకెవడున్నాడయ్యా! ఇంకొకణ్ణి కూర్చోబెడితే ఒక్క బంతీ పట్టలేడు. నీ వీసా కూడా పోతుంది, తెలుస్తోందా?" గొంతు తగ్గించాడు. "మా పాప చూస్తోంది. ఇంకొక్కడేగా. గట్టిగా వెయ్యి, నేను పట్టుకుంటాను."

వెళ్ళి కూర్చున్నాడు. వేశాను, గట్టిగానే. కొట్టేవాడు తప్పాడు. బంతి తొడుగులో పడింది, కానీ ఆ కుడి చెయ్యి మళ్ళీ పరుగెత్తుకొచ్చి, భయపడ్డ పిల్లిలా మధ్యలో ఆగి, వెనక్కి పోయింది. రెండోది వేశాను. మళ్ళీ తప్పాడు. మావాళ్ళందరూ లేచి నిలబడ్డారు. పెద్దసారు పిడికిలి ఊపుతున్నాడు. నేను చూసింది అవేవీ కాదు. ముసుగు కమ్మీల వెనక, బంతి ఇంకా సగం దారిలో ఉండగానే, ఇంజనీరు కళ్ళు మూసుకున్నాడు. తొడుగు ఎలాగో దానంతటది బంతికి ఎదురుపడింది.

పరంజా మీది మనిషి కళ్ళు మూసుకుంటే కింద ఉన్నవాడు ఇటుక ఆపేస్తాడు. ఎవడైనా ఆపేస్తాడు. అది మంచితనం కాదు. నేనేదో త్యాగం చేశానని రాయడానికి కూర్చోలేదు. జోరుగా వేస్తే ఆయన బంతి వదిలేసేవాడేమో, అప్పుడూ ఓడేవాళ్ళమేమో, అదీ తెలియదు. అంత లెక్క వేసే వ్యవధి లేదు. జోరుగానే వేద్దామని చెయ్యి లేపాను. స్లాబు గుర్తుంది, పెద్దసారు మాట గుర్తుంది. బంతి వేళ్ళు వదిలే క్షణంలో నా కళ్ళు ఎప్పటిలాగే అందుకునేవాడి చేతి మీదికి పోయాయి. చెయ్యి తనంతట తానే తగ్గింది. గూట్లోంచి తీసుకున్నట్టు తీసుకునే బంతి పోయింది.

కొట్టేవాడు కూడా అలాగే తీసుకున్నాడు. బంతి మా అందరి నెత్తుల మీదుగా, కంచె మీదుగా, పార్కింగ్‌లోని కార్ల మీదుగా ఇసుకలోకి పోయింది. ఆ ఒక్క దెబ్బకు మూలల్లో ఉన్న ఇద్దరూ, కొట్టినవాడూ కలిసి మూడు పరుగులు తీశారు, కప్పు వాళ్ళదైంది. బంతిని వెతకడానికి ఎవరూ వెళ్ళలేదు. జపాన్ వాళ్ళు ఒకరినొకరు ఎత్తుకుంటున్నారు. నేను దిబ్బ మీదే నిలబడి ఉన్నాను. దిగమని ఎవరూ చెప్పలేదు.

అందరూ సామాను సర్దుకుంటుండగా పెద్దసారు నన్ను నీళ్ళ ట్యాంకర్ వెనక్కి పిలిచాడు. ఇంజనీరును కూడా పిలిచాడు, మాట చేరవేయాలి కదా. పెద్దసారు ముఖం మెడ కంటే ఎర్రగా ఉంది. ఏదో అడిగాడు.

"అంత నెమ్మదిగా ఎందుకు వేశావని అడుగుతున్నారు బాబాయ్."

"మీ ఏలు జూసి ఏసిన సారు. కండ్లు మూస్కున్నరు మీరు. గదే చెప్పుండ్రి."

గుడారం దగ్గర పాప టోపీ తిప్పుకుంటూ వాళ్ళమ్మను ఏదో అడుగుతోంది. ఇంజనీరు అటు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు, చాలాసేపు. ఆ మైదానంలో నా మాట అర్థమయ్యే మనిషి ఆయనొక్కడే. తర్వాత పెద్దసారు వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టాడు. నేను చెప్పిన దానికంటే చాలా పొడుగ్గా చెప్పాడు. నాకు అందులో మూడు మాటలు తెలిశాయి. పెయిన్. ఓల్డ్ మ్యాన్. ఎల్బో. ఆ చివరి మాట అంటూ ఆయన ఎడమ చేత్తో తన కుడి మోచేతిని ముట్టుకుని చూపించాడు. కుడి చెయ్యి ప్యాంటు జేబులో ఉంది.

పెద్దసారు ముఖంలో ఎరుపు దిగిపోయింది. కోపం పోయి జాలి వచ్చింది. నాకు ఆయన కోపమే నయమనిపించింది. మెత్తగా ఏదో చెప్పాడు. ఇంజనీరు నేల వైపు చూస్తూ నాకు చెప్పాడు.

"నొప్పి ఉందని ముందే ఎందుకు చెప్పలేదంటున్నారు. ఇంత నొప్పితో నీతో ఆడించినందుకు బాధపడుతున్నారు. దెబ్బతిన్న చేత్తో నిన్ను ఆ కంపెనీకి పంపితే అన్యాయమవుతుందట. వీసా మెడికల్ పరీక్షలో కూడా నిలవవు. ఈ బ్యాచ్‌తో ఇంటికి వెళ్ళి విశ్రాంతి తీసుకోమంటున్నారు."

ఈ మాటలు మాత్రం ఒక్కటీ వదలకుండా తెలుగులోకి తెచ్చాడు.

నేను ఇంజనీరును చూశాను. ఆయన తల ఎత్తలేదు. నాకు వచ్చిన ఇంగ్లీషుతో "నో పెయిన్" అని అనగలను. ఆ రెండు మాటలూ నోటి దాకా వచ్చాయి కూడా. ఆ తర్వాత ఏమవుతుంది? జేబులోంచి చెయ్యి తీయమంటారు. తీస్తాడు. గుడారం కింద నుంచి అందరూ చూస్తారు, పాప కూడా చూస్తుంది. అయినా ఓడిన కప్పు రాదు. నా స్లాబు పడేదో లేదో ఆ దేవుడికే తెలియాలి.

"బాబాయ్" అన్నాడు ఇంజనీరు, నాకొక్కడికే వినపడేలా.

పెద్దసారు ముందుకొచ్చి నా మోచేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. అంత పెద్ద చేతులు, పిట్టను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ఈ దేశం వచ్చాక నన్ను అంత మెత్తగా ముట్టుకున్న మనిషి మరొకడు లేడు. బొటనవేలితో ఎముక పక్కన నొక్కి, "హియర్?" అన్నాడు.

నొప్పి లేదు. రాయిలా ఉంది చెయ్యి.

ఇంజనీరు దాన్ని తెలుగులోకి చెప్పలేదు.

"యెస్ సర్" అన్నాను. పెద్దసారు ఇంకోచోట నొక్కబోతుంటే ఆపి, మళ్ళీ అక్కడికే ఆయన వేలు తెచ్చి పెట్టాను. "హియర్."